చూపు తెర మీద.. సూది మెడ మీద

‘ఆస్పత్రిలో ఏఆర్, వీఆర్’ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, వర్చువల్ రియాలిటీ) మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు మా ఎడిటర్. గడువు బుధవారం సాయంత్రం. వెంటనే గుర్తొచ్చింది కోరుట్లలో ఉండే మా మామ మాట. కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైనప్పుడు ఆయన మెడ సిరలో క్యాథెటర్ (గొట్టం) వేశారు. ‘‘నా మెడ దిక్కు సూస్తలేరు అల్లుడా, టీవీ దిక్కు సూసుకుంట సూది గుచ్చుతున్నరు’’ అన్నాడు బయటికొచ్చి. మూడోసారికి గానీ నరం దొరకలేదు.

ఆ కుర్ర డాక్టరును తప్పుపట్టలేను. ఒక చేతిలో అల్ట్రాసౌండ్ స్కానింగ్ ప్రోబ్, ఇంకో చేతిలో సూది, బొమ్మేమో మంచం అవతల తెర మీద. అందులో సిర, దాని పక్కనే ధమని. రెండూ నల్లటి గుండ్రాలే. ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే సిర అణుగుతుంది, ధమని అంత తేలిగ్గా అణగదు. అదీ ఆనవాలు. సూదిని అడ్డంగా చూసినప్పుడు మొనైనా, నడిమి భాగమైనా ఒకేలాంటి మెరిసే చుక్క. మొన అనుకున్నది మొన కాకపోతే అసలు మొన అప్పటికే లోతుకు పోయి ఉంటుంది. సిరిసిల్ల నేతన్న పోగు తెగితే తెగినచోటే కన్ను పెట్టి అతుకుతాడు. ఈ పనిలో డాక్టరుకు ఆ వీలు లేదు. బొమ్మను తెర మీంచి దించి, సూది దిగేచోటే చూపించాలన్నది ఏఆర్ ప్రయత్నం.

ఈ వారమంతా నన్ను పట్టుకున్నది మాత్రం ఓ పాత పరిశోధన పత్రం. 1992లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం నుంచి మైకేల్ బజురా, హెన్రీ ఫుక్స్, ర్యుతారో ఒహ్‌బుచి రాశారు. తలకు తొడుక్కునే తెర, దాని ముందు చిన్న వీడియో కెమెరా. గర్భిణి పొట్ట మీద ప్రోబ్ ఆనిస్తే స్కానింగ్ బొమ్మ ఆమె ఒంట్లోనే కనిపించాలి. చూసేవాళ్లు చుట్టూ తిరిగినా అది అక్కడే నిలవాలి. బొమ్మయితే వచ్చింది. కానీ లోపల ఉన్నట్టు కాదు, పొట్ట మీద అంటించిన కాగితంలా! లోపలిదాన్ని చర్మం కప్పాలి కదా, కప్పకపోతే కన్ను నమ్మదు. అందుకని పొట్టలో గుంట ఉన్నట్టు కంప్యూటర్‌తో గీసి, బొమ్మను ఆ గుంటలో దించారు. తమ బొమ్మ తేలిపోయిందని దాచకుండా రాసిన ఆ ముగ్గురంటే నాకు గౌరవం. లోతు తెలియకపోవడం, తల తిప్పితే బొమ్మ వెనకబడటం.. తర్వాత వచ్చిన ఏఆర్ కళ్లజోళ్లనూ వెంటాడిన చిక్కులివే.

చరిత్ర క్లుప్తంగా: 1958లో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ బృందం కడుపులోని గడ్డల అల్ట్రాసౌండ్ చిత్రాలను ‘లాన్సెట్’లో ప్రచురించింది. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ తలకు తొడిగే తెర చూపించాడు. 2016లో మైక్రోసాఫ్ట్ ఏఆర్ కళ్లజోడు హోలోలెన్స్ వచ్చింది. 2024లో హోలోలెన్స్-2 తయారీ ఆగింది.

నా మనసు మాత్రం ఓ అద్దం మీద ఉంది. రాత్రి జగిత్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే లోపలి లైటు బయటి చెట్ల నడుమ వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పరిశోధకుడు జార్జ్ స్టెటెన్ చేసిన ‘సోనిక్ ఫ్లాష్‌లైట్’ కిటుకు అదే. ప్రోబ్‌కే చిన్న తెర, సగం పారదర్శకమైన అద్దం బిగించాడు. అద్దంలోంచి చెయ్యిని చూస్తే, స్కానింగ్ బొమ్మ ప్రతిబింబం చర్మం కింద ఆ సిర ఉన్నచోటే తేలుతుంది. కళ్లజోడు అక్కర్లేదు, తల ఎటు తిరిగిందో లెక్కగట్టే కంప్యూటరూ వద్దు. డాక్టరు చూసేదే పక్కనున్న నర్సూ చూడొచ్చు. రోగుల చేతి సిరల్లో గొట్టాలు వేయడానికీ వాడి చూశారు. మా మామ మెడ దగ్గర నాకు కావాల్సింది ఇలాంటి పనిముట్టే. ఖరీదైన హెడ్‌సెట్ కొని బీరువాలో పెట్టి తాళమేస్తే ఎవరికి లాభం?

వీఆర్ సంగతి వేరు. అందులో రోగి ఉండడు, పొరపాటుకు నెత్తురు రాదు. కోడిమాంసంలో నీళ్లు నింపిన గొట్టం దూర్చి సూది సాధన చేయించడం ఉన్నదే. వీఆర్‌లో అదే సాధన ఎన్నిసార్లయినా చేయొచ్చు. జగిత్యాల ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో, సిరిసిల్లది 2023లో మొదలయ్యాయి. అక్కడి పిల్లల మొదటి రెండు పోట్లు మనిషి మెడ మీద పడకూడదు.

*పెట్టె: చట్టం ఏమంటుంది?*
తెర స్థానంలో కళ్లజోడొచ్చినా, అద్దమొచ్చినా 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం వర్తిస్తుంది. కడుపులోని బిడ్డ ఆడో మగో చూపగల మిషన్ ఉన్న కేంద్రం నమోదు కావాలి. లింగం చెప్పడం నేరం. గర్భిణికి స్కానింగ్ చేస్తే ఫారం-ఎఫ్ నింపాలి, ఆ రికార్డును కనీసం రెండేళ్లు భద్రపరచాలి.