మోగని ఫోన్‌కు ఎంత కట్టాలి?

మొబైల్ రీఛార్జి లెక్కలో సంవత్సరానికి పదమూడు నెలలు. ప్లాన్ గడువు 28 రోజులే కాబట్టి, నెలకోసారి కడుతున్నామని అనుకునేవాళ్లు నిజానికి ఏడాదిలో 13 సార్లు కడతారు. పొద్దస్తమానం ఫోన్‌తోనే పనిచేసేవాళ్లకు ఈ తేడా అంతగా పట్టదు. అది గట్టిగా తగిలేది వేరేవాళ్లకు. వారానికి రెండు కాల్స్ వస్తే ఎక్కువనుకునే తాతయ్య కీప్యాడ్ ఫోన్ ఒకటి. బ్యాంకు ఓటీపీల కోసమే ఉంచుకున్న రెండో సిమ్ ఒకటి. పొలంలో మోటారుకు బిగించిన మొబైల్ స్టార్టర్‌లోని సిమ్ మరొకటి. దానికి ఇంటి దగ్గర్నుంచి రైతు చేసే కాల్ అందితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

ఇలాంటివాళ్లు కొద్దిమందేమీ కాదు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో దాదాపు 15 కోట్ల మంది ఇంకా స్మార్ట్ కాని మామూలు ఫోన్లే వాడుతున్నారు. రెండు సిమ్‌ల ఫోన్లలో నిద్రపోతున్న రెండో నంబర్లు వీటికి అదనం. వీళ్లలో చాలామంది కొనుక్కునేది కాల్స్ కాదు, డేటా అంతకన్నా కాదు. నంబరు బతికి ఉండటానికి కడుతున్నారు. తాళం వేసి ఉన్న ఇంటికి అద్దె కట్టడం లాంటిది ఇది. ఆ అద్దె ఎందుకు పెరిగిందో తెలిస్తే, తక్కువలో ఎలా గట్టెక్కాలో కూడా తెలుస్తుంది.

1995 జులై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి అప్పటి ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన కాల్‌తో దేశంలో మొబైల్ సేవలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో కాల్ చేసినవాళ్లే కాదు, ఎత్తినవాళ్లు కూడా డబ్బు కట్టాలి. 2003 మే 1 నుంచి ఆ పద్ధతి పోయింది. చేసినవాళ్లే కడతారు, ఇన్‌కమింగ్ ఉచితం. 2005 చివర్లో వచ్చిన లైఫ్‌టైమ్ ప్లాన్లు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఒక్కసారి రూ.999 కడితే చాలు, జీవితాంతం ఇన్‌కమింగ్. పల్లెల్లో ఇంటింటికీ సెల్‌ఫోన్ చేరిన కాలం అదే. రెండు రింగులిచ్చి పెట్టేస్తే ఇంటికి చేరినట్టు, మూడు రింగులైతే తిరిగి చేయమన్నట్టు ఎవరి లెక్కలు వాళ్లు పెట్టుకున్నారు.

పైసా కట్టని ఆ వినియోగదారుణ్ని కంపెనీలు ఎందుకు భరించాయి? ఎందుకంటే అతని వల్ల వాటికి రాబడి ఉండేది. విజయవాడలో ఒక కంపెనీ సిమ్‌తో చేసిన కాల్ శ్రీకాకుళంలో మరో కంపెనీ ఫోన్‌లో మోగితే, ఎత్తిన క్షణం నుంచి మొదటి కంపెనీ రెండోదానికి నిమిషానికి ఇంత అని చెల్లించాలి. దీన్ని ఇంటర్‌కనెక్ట్ ఛార్జీ అంటారు. 2009లో అది నిమిషానికి 20 పైసలు. 2015లో 14 పైసలకు తగ్గింది. అంటే నెలకు 200 నిమిషాలు బయటి నెట్‌వర్క్‌ల నుంచి కాల్స్ అందుకునే అమ్మమ్మ, తాను రీఛార్జి చేయించకపోయినా, తన కంపెనీకి రూ.28 తెచ్చిపెట్టేది.

2017 అక్టోబర్ 1న ట్రాయ్ ఆ ఛార్జీని 6 పైసలకు దించింది. అదే అమ్మమ్మ విలువ రూ.28 నుంచి రూ.12కు పడిపోయింది. 2021 జనవరి 1 నుంచి ఛార్జీ పూర్తిగా పోయింది, ఆమె విలువ సున్నా అయింది. మరోవైపు 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి కాల్స్‌ను ఉచితం చేయడంతో పాత కంపెనీల రాబడి కుంగింది. 2018 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలల్లో ఎయిర్‌టెల్‌కు ఒక్కో వినియోగదారు నుంచి నెలకు సగటున వచ్చింది దాదాపు రూ.101. కట్టనివాళ్లు ఎక్కువైనకొద్దీ ఆ సగటు ఇంకా పడుతుంది. ఆ ఏడాది నవంబర్ నాటికి ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 28 రోజులకు కనీసం రూ.35 రీఛార్జి చేయించాలన్నాయి. లైఫ్‌టైమ్ అన్న మాటకు అక్కడితో కాలం చెల్లింది.

తర్వాతి మెట్లు వేగంగా వచ్చాయి. ఎయిర్‌టెల్‌నే చూస్తే 28 రోజుల కనీస రీఛార్జి 2021 జులైలో రూ.79, అదే ఏడాది నవంబర్‌లో రూ.99, 2023లో రూ.155 (అదీ 24 రోజులకే), 2024 జులైలో రూ.199. ఆరేళ్లు తిరక్కుండానే అయిదున్నర రెట్లకు పైగా పెరిగింది. మోగని ఫోన్‌కు అవసరం లేని డేటాను కూడా అంటగట్టి ఆ ధర వసూలు చేశారు. ఈ పెంపు భారం ఎక్కువగా పడింది తక్కువ వాడేవాళ్ల మీదే.

ఇంతకీ మోగని ఫోన్‌కు నెట్‌వర్క్ చేసే పనేమిటి? ఏమీ లేదనలేం. జేబులో ఊరికే పడి ఉన్న ఫోన్ కూడా దగ్గర్లోని టవర్ ప్రసారాన్ని వింటూనే ఉంటుంది. ఒక ప్రాంతం దాటి మరో ప్రాంతంలోకి వెళ్లినప్పుడూ, మధ్యమధ్య కొంత వ్యవధికోసారీ తాను ఎక్కడున్నదీ నెట్‌వర్క్‌కు చెబుతుంది. ఆ సమాచారం వీఎల్ఆర్ అనే రిజిస్టర్‌లో చేరుతుంది. కాల్ రాగానే నెట్‌వర్క్ ఆ రిజిస్టర్ చూసి, ఆ ప్రాంతంలోని టవర్లన్నిటి నుంచి ఫలానా ఫోన్ ఎక్కడుందని పిలుస్తుంది. ఫోన్ పలికాక రింగ్ మొదలవుతుంది. చందాదారుకు ఏయే సేవలు ఇవ్వొచ్చో రాసి ఉండే మూల రిజిస్టర్ వేరే ఉంటుంది. గడువు తీరితే ముందు ఔట్‌గోయింగ్, కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ బంద్ అని గుర్తు పడేది అందులోనే. టవర్ పనిచేస్తుంది, ఫోన్ దాన్ని వింటుంది, తెరమీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం రాదు. ఫోన్ పాడైందేమోనని సెల్ షాపుకు పరుగెత్తేవాళ్లు ముందు చూసుకోవాల్సింది గడువు తేదీని.

ఊరికే ఉన్న ఒక్కో సిమ్‌కు ఈ పని వల్ల పడే భారం చాలా స్వల్పం. రోజుకు ఏడు రూపాయలు పలికే పని మాత్రం కాదు.

ఎంపిక దగ్గరికి వస్తే మొదట చూడాల్సింది ప్లాన్ ధరను గడువు రోజులతో భాగిస్తే ఎంత వస్తుందన్నది. రూ.199ని 28తో భాగిస్తే రోజుకు రూ.7.11. ట్రాయ్ 2024 డిసెంబర్ 23న నిబంధనలు సవరించి, డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్లాన్ ఒక్కటైనా ఇవ్వాలని ప్రతి కంపెనీనీ ఆదేశించింది. అలాంటి వోచర్ల గడువును 90 రోజులు దాటనివ్వని పాత హద్దును 365 రోజులకు పెంచింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ ముందు ఒక ధర ప్రకటించి, వెంటనే తగ్గించి, 84 రోజులకు రూ.469, ఏడాదికి రూ.1,849 అంది. జియో 84 రోజులకు రూ.448, 336 రోజులకు రూ.1,748 పెట్టింది. భాగించి చూస్తే ఇవన్నీ రోజుకు రూ.5.07 నుంచి రూ.5.58 మధ్య ఉంటాయి. జియో ఏడాది ప్లాన్‌లా కనిపించేది నిజానికి 12 నెలలు కాదు, 28 రోజుల లెక్కన 12 విడతలు. ఈ ధరలు మారుతూ ఉంటాయి, భాగహారం మాత్రం ఎప్పుడూ ఒక్కటే.

అదే ఎయిర్‌టెల్ సిమ్‌ను 28 రోజుల ప్లాన్‌తో నడిపితే 13 రీఛార్జిలకు రూ.2,587 అవుతుంది. ఏడాది ప్లాన్‌తో రూ.738 మిగులుతుంది. కానీ రూ.1,849 ఒక్కసారిగా పెట్టగలిగేవాళ్లకే ఆ మిగులు. రోజు కూలీ మీద బతికే ఇంట్లో చేతిలో రూ.199 ఉంటే రూ.199కే చేయిస్తారు, రోజుకు రెండు రూపాయలు ఎక్కువ కడతారు. ఈ అన్యాయం గురించి మాట్లాడాల్సినంతగా ఎవరూ మాట్లాడటం లేదు. పట్నంలో ఉద్యోగం చేసే పిల్లలు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్‌కు ప్రతి నెలా చిన్న రీఛార్జి చేసే బదులు ఏడాదికి ఒక్కసారి చేస్తే సొమ్ము మిగులుతుంది, మధ్యలో మరిచిపోయే ప్రమాదమూ తప్పుతుంది.

ఇంతకన్నా చవక దారులూ ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ చాలాకాలం రూ.107కు 35 రోజులు, 200 నిమిషాల కాల్స్ ఇచ్చింది. అది రోజుకు సుమారు మూడు రూపాయలు. ప్రభుత్వ సంస్థ కూడా ధర కదపకుండా గడువు కత్తిరిస్తుంటుంది కాబట్టి రీఛార్జి రోజున మళ్లీ చూసుకోవాలి. ఫోన్ ఎక్కడ ఉంటుందో అక్కడ దాని సిగ్నల్ వస్తుందా లేదా అన్నది అంతకన్నా ముందు చూడాలి. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు. పాత కీప్యాడ్ ఫోన్‌లో ఆ సిమ్ పనిచేయదు. 2023 జులైలో ఆ కంపెనీ రూ.999కి తెచ్చిన జియోభారత్ ఫోన్‌కు మాత్రం 28 రోజులకు రూ.123 ప్లాన్ ఇచ్చింది, రోజుకు రూ.4.39. ఆ ప్లాన్ ఆ ఫోన్‌లోనే చెల్లుతుంది. పోస్ట్‌పెయిడ్ విషయానికొస్తే, ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్ బిల్లు మీద 18 శాతం అదనంగా పడుతుంది. విడిగా తీసుకుంటే మోగని ఫోన్‌కు అది దండగే. ఇంట్లో ఒకరి బిల్లుకు అదనపు సిమ్‌గా చేర్చుకునే వీలుంటే పరిశీలించవచ్చు.

రూ.20 నిబంధన గురించి వాట్సాప్‌లో తిరిగే సందేశాలు చాలామందిని తికమక పెట్టాయి. 2013లో ట్రాయ్ తెచ్చిన ఈ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల పాటు అసలు వాడకపోతేనే కంపెనీ దాన్ని రద్దు చేయగలదు. అప్పటికి ఖాతాలో రూ.20 లేదా అంతకు మించి ఉంటే, రూ.20 మినహాయించుకుని మరో 30 రోజులు నంబరును ఉంచాలి. బ్యాలెన్స్ ఉన్నంతకాలం ఇలా సాగుతుంది. చివరికి రద్దయినా, తిరిగి తెచ్చుకోవడానికి 15 రోజుల గడువు ఉంటుంది. ఇది నంబరు వేరొకరికి పోకుండా కాపాడుతుంది. అంతేగానీ ప్లాన్ గడువు తీరిన సిమ్‌కు కాల్స్, ఓటీపీలు వస్తాయని ఎక్కడా హామీ ఇవ్వదు. ఇంకొక మెలిక ఉంది. రూ.20 టాపప్ చేయిస్తే పన్ను, రుసుము పోను ఖాతాలో పడేది రూ.14.95 మాత్రమే. ఒక్క నెల నంబరు నిలవడానికి కూడా అది చాలదు.

నంబరు పోతే ఏమవుతుంది? పది అంకెల నంబర్లు పరిమితం కాబట్టి కంపెనీలు వాటిని మళ్లీ వాడతాయి. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరని 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు ముందు ట్రాయ్ చెప్పింది. పాత వాట్సాప్ సమాచారం బయటపడకుండా చూసుకోవాల్సింది వినియోగదారులేనని న్యాయస్థానం అంది. ఆ 90 రోజులూ గడిచాక కొత్త యజమానికి పాత యజమాని ఓటీపీలు రావచ్చు. అందుకే రద్దయిన నంబర్ల జాబితాతో వారానికోసారైనా తమ రికార్డులు సరిచూసుకోవాలని 2025లో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ బ్యాంకులకు, యాప్‌లకు చెప్పింది. ఆధార్, బ్యాంకు, భూమి రికార్డులు, పింఛను ఏ నంబరుతో ముడిపడ్డాయో, ఆ నంబరుకు రూ.20 నిబంధనను నమ్ముకోవడం తగదు. మామూలు ప్లాన్ గడువు నడుస్తూనే ఉండాలి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ హైదరాబాద్ బ్యాంకు ఖాతా కోసం ఇండియా సిమ్‌ను కాపాడుకునే తెలుగువాళ్లది ఇదే సమస్య. వాళ్లకు కాల్స్ అక్కర్లేదు, ఓటీపీ చేరితే చాలు. విదేశంలో రోమింగ్‌లో ఉన్నప్పుడు అందుకునే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా ఛార్జీ ఉండదు. అయితే విమానం ఎక్కకముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి, డేటా రోమింగ్ ఆపేయాలి, ఏడాది గడువున్న కాల్స్-ఎస్సెమ్మెస్ ప్లాన్ వేసుకోవాలి. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, యూఏఈ సహా పది దేశాల నంబర్లతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ వాడుకునేందుకు దారి తెరిచింది. బ్యాంకు ఒప్పుకుంటే ఖాతాను అక్కడి నంబరుకే మార్చుకుని, ఇక్కడి సిమ్‌ను వదిలేయడమూ ఒక మార్గం.

చవక కంపెనీకి మారాలనుకునేవాళ్లకు పాత నంబరే ఉంటుంది. PORT అని రాసి, ఖాళీ వదిలి, మొబైల్ నంబరు చేర్చి 1900కి ఎస్సెమ్మెస్ పంపాలి. చిన్న ప్లాన్లలో ఎస్సెమ్మెస్ సౌకర్యం లేక కొందరు ఇక్కడే ఆగిపోయేవారు. ప్లాన్ ఏదైనా ఈ ఒక్క ఎస్సెమ్మెస్‌ను ఆపకూడదని ట్రాయ్ 2021 డిసెంబర్‌లో ఆదేశించింది. ఇప్పుడున్న కంపెనీలో కనీసం 90 రోజులు ఉండి ఉండాలి. మారేటప్పుడు పాత ప్లాన్‌లో మిగిలిన రోజులు వెంట రావు. కాబట్టి ఏడాది ప్లాన్ వేసిన నెలకే మారితే నష్టం, గడువు చివరి వారంలో మారితే లాభం.

అసలు అవసరం లేని సిమ్‌లు ఎన్ని నడుస్తున్నాయో కూడా ఒకసారి చూసుకోవాలి. ఒకరి పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూపించే టాఫ్‌కాప్ పోర్టల్‌ను తయారుచేసింది విజయవాడలోని టెలికం శాఖ విభాగం. 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకే అది అందుబాటులోకి వచ్చింది. రాష్ట్రాలు రెండయినా టెలికం లెక్కల్లో ఇవి ఇప్పటికీ ఒకే సర్కిల్. 2023 మే నుంచి ఆ సేవ సంచార్ సాథీలో భాగంగా దేశమంతటికీ ఉంది. మొబైల్ నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది, అక్కర్లేని నంబరు పక్కన అక్కర్లేదని గుర్తు పెట్టి పంపవచ్చు. పంపేముందు మాత్రం ఆ నంబరును బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్ కనెక్షన్ల నుంచి మార్పించి, వాట్సాప్ ఖాతాను తొలగించి, ఆ తర్వాతే సిమ్ ఆపించాలి.