పరితేవాడి ఉపాధ్యాయుడు - పుస్తకములోని చతురస్రము

మహారాష్ట్రమున షోలాపూరు జిల్లాలో పరితేవాడి అను చిన్న గ్రామము కలదు. 2009వ సంవత్సరములో రంజిత్‌సింహ్ డిసలే అను యువకుడు అచ్చటి జిల్లా పరిషత్తు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరినారు. పాఠశాల యనుట పేరునకే. ఒక ప్రక్క పశువుల కొట్టము, మరియొక ప్రక్క సామాను కొట్టు, వాటి నడుమ శిథిలమైన కట్టడము. బాలికలు బడికి వచ్చుట అరుదు; చిన్న వయస్సుననే వివాహములు జరుగుచుండెను. వచ్చిన పిల్లలలో పెక్కుమందికి ఇంటిభాష కన్నడము. చేతిలోని పుస్తకము ఆ భాషలో లేదు.

డిసలే మొదట ఉపాధ్యాయ వృత్తిని కోరినవారు కారు. కంప్యూటరు ఇంజనీరు కావలెనని వారి ఆశ. ఆ చదువు అనుకొన్నట్లు సాగనందున తండ్రి సలహాపై, అంతగా మనస్సు లేకయే, ఉపాధ్యాయ శిక్షణలో చేరినారు. శిక్షణ కాలముననే ఆ వృత్తి విలువ వారికి బోధపడినది.

పరితేవాడిలో వారు చేసిన మొదటి పని యంత్రమును తెచ్చుట కాదు. ఊరిలోనే కాపురముండి, శ్రమపడి కన్నడము నేర్చినారు. పిమ్మట 1 నుండి 4వ తరగతి వరకు గల పాఠ్యపుస్తకములను ఆ భాషలో తిరిగి కూర్చినారు. అటు తరువాతనే పాఠముల ప్రక్క క్యూఆర్ కోడ్ అను చతురస్రపు గుర్తులను ముద్రించినారు. ఈ వరుసను సభ్యులు గమనించవలెనని మా కోరిక.

ఈ గుర్తు ఎట్లు పనిచేయును? 1994లో జపానులో డెన్సో అను సంస్థ మోటారు వాహనముల భాగములను గుర్తించుటకై దీనిని రూపొందించినది. నలుపు తెలుపు గళ్ల అమరికలో అక్షరములు, అంకెలు నిక్షిప్తమై యుండును. మూడు మూలల నుండు పెద్ద చతురస్రములు గుర్తు ఎటు తిరిగి యున్నదో ఫోనుకు తెలుపును. కావున పుస్తకమును తలక్రిందులుగా పట్టినను బాధ లేదు. ముద్రించునపుడు ఎంచుకొన్న స్థాయిని బట్టి, నూటికి ముప్పది వంతుల వరకు చెరిగినను చదువ వీలగును. పిల్లల పుస్తకముల స్థితి ఎరిగిన వారికి దీని విలువ వేరుగా చెప్ప నక్కరలేదు.

అయితే ఒక సంగతి. పాఠ్యపుస్తకములోని గుర్తులో సాధారణముగా పాఠముండదు, పాఠమున్న చోటి చిరునామా మాత్రమే యుండును. ఫోను ఆ చిరునామాకు పోయి పద్యమును వినిపించును, బొమ్మను చూపును. ఇంటర్నెట్టు అందని చోట గుర్తు మూగదే. అట్టి గ్రామములలో పాఠములను ముందుగానే ఫోనులో దింపి యుంచుకొనవలెను.

2017లో మహారాష్ట్ర ప్రభుత్వము అన్ని తరగతుల పుస్తకములలో ఈ గుర్తులను ప్రవేశపెట్ట నిశ్చయించినది. ఆ ఏడే సెప్టెంబరు 5న కేంద్ర ప్రభుత్వపు దీక్షా వేదిక ప్రారంభమైనది. మన తెలుగు పాఠ్యపుస్తకములలోను ఇట్టి గుర్తులు చేరినవి. 2020 డిసెంబరు 3న డిసలేకు ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారము, పది లక్షల డాలర్లు, లభించినది. అందులో సగము తుదిదశకు చేరిన తక్కిన తొమ్మండుగురికి పంచినారు. పరితేవాడిలో బాలికల హాజరు నూటికి నూరైనదని పురస్కారమిచ్చినవారు ప్రకటించిరి. అంత ఫలితము గుర్తు వలననే కలిగినదని మేము నమ్మజాలము. భాష నేర్చిన ఉపాధ్యాయుని పాలు అందు అధికము.

పైనుండి వచ్చు పాఠము మనకును క్రొత్త కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారము జరిగినది. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. ప్రొద్దుట బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు వచ్చుచుండెను. ఏడాది కాగానే ఉపగ్రహము తరలిపోయినది, ఆ ప్రసారము నిలిచినది.

నేడు పెక్కు గ్రామములలో సాధనము కలదు, వాడుక లేదు. తెర గదిలో నుండును, గది తాళము వేరొకరి వద్ద నుండును. కరెంటు బిల్లు ఎవరు కట్టవలెనో తేలదు. ఇంటిలోని ఒక్క ఫోను తండ్రితో పొలమునకు పోవును; అది తిరిగి వచ్చువేళకు పిల్లవాడు నిద్రించును.

భాష సంగతి ఇంకను పెద్దది. మన తండాలలో లంబాడీ, గూడెములలో కోయ, గోండు, సవర మాట్లాడు పిల్లలు తొలినాడే తెలుగు వాచకమును ఎదుర్కొనుచున్నారు. వారికి తెలుగు వీడియో చూపిన, అర్థము కాని మాట మరింత పెద్దగా వినిపించునంతే.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థల ప్రతినిధులకు స్థానము కలదు. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయవలసినది ఆ కమిటీయే. రాబోవు సమావేశమునకు పోవు సభ్యులు మూడు లెక్కలు చేతబట్టుకొని పోవుట మంచిది: ఒకటవ తరగతి పిల్లలు ఇంట ఏ భాష మాట్లాడుదురు, ఎన్ని ఇండ్లలో సాయంకాలము ఫోను పిల్లలకు దొరకును, బడిలో కరెంటు ఎన్ని గంటలుండును. నాలుగవది ఉపాధ్యాయుని అడిగి తెలిసికొనవలసినది - ఏ పాఠము వద్ద పిల్లలు ఆగిపోవుచున్నారు?