బొగ్గుసీమలో ఓట్ల పోరు

అమెరికా అధ్యక్షుడి ఎన్నిక అంటే మనకు నవంబరు నెలలో జరిగే పోటీయే జ్ఞాపకం వస్తుంది. కాని అంతకంటే రసవత్తరమైన పోట్లాట ఒకటి ముందుగానే, ఇంటిలోపలే జరిగిపోతుంది. ఒకే పార్టీలో నలుగురు పెద్దమనుషులు 'నేనంటే నేను' అని బయలుదేరితే, ఎవరిని నిలబెట్టాలో ఆ పార్టీ ఓటర్లే రాష్ట్రాలవారీగా తేలుస్తారు. దానికి 'ప్రైమరీ' అని పేరు. పైవాళ్లతో యుద్ధానికి ముందు దాయాదుల పోరు అన్నమాట. దాయాదుల పోరు ఎంత చేదుగా వుంటుందో తెలుగువాళ్లకు నేను చెప్పాలా?

అటువంటి పోరాటాలలో నాకు మరపురానిది 1960 మే 10న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో జరిగినది. డెమొక్రాటిక్ పార్టీలో ఇద్దరు సెనేటర్లు తలపడ్డారు. ఒకడు మసాచుసెట్స్‌కు చెందిన జాన్ కెన్నడీ. రెండోవాడు మినెసోటాకు చెందిన హ్యూబర్ట్ హంఫ్రీ. గెలిచినవాడిని లోకమంతా ఎరుగును. ఓడినవాడి పక్షాన మాట్లాడేవాళ్లు ఈనాటికీ తక్కువే. ఆ తక్కువమందిలో నేనొకణ్ణి గనుక, తటస్థుణ్ణని నటించి పాఠకులను మోసపుచ్చను.

ముందు ఆ రాష్ట్రం సంగతి చెప్పాలి. అంతా కొండలు, ఇరుకు లోయలు. ఆ కొండల కడుపునిండా బొగ్గు. ఒకప్పుడు దేశంలోని రైళ్లు నడిచినా, ఉక్కు కరిగినా, చలికాలంలో ఇళ్లు వెచ్చగా వున్నా ఆ బొగ్గు చలవే. రెండవ ప్రపంచయుద్ధం అయిపోయాక కథ మారింది. రైళ్లు డీజిలుకు మారాయి. ఇళ్లలోకి గ్యాసు, నూనె వచ్చాయి. గనిలోకేమో యంత్రం దిగింది. పదిమంది పలుగులు పట్టుకుని చేసే పనిని అది ఒక్కటే చేసిపారేసేది. కార్మిక నాయకుడు జాన్ లూయిస్ 1950లో గని యజమానులతో ఒడంబడిక చేసుకున్నాడు. యంత్రాలను కార్మికులు అడ్డుకోరు. పనిలో మిగిలినవాళ్లకు మంచి జీతం, వైద్యానికీ పింఛనుకూ నిధి. మిగిలినవాళ్ల వరకూ అది మంచి బేరమే. మిగలనివాళ్ల మాటేమిటి? యుద్ధానంతరం లక్షకు పైబడి వున్న గని కూలీలు 1960 నాటికి యాభైవేలకు లోపే అయ్యారు. నలభయ్యేళ్లు దాటినవాడికి, ఊపిరితిత్తులలో బొగ్గుధూళి పేరుకున్నవాడికి మరో పని ఎవరిస్తారు?

అప్పుడు ఆ రాష్ట్ర జనాభా పద్ధెనిమిది లక్షల పైచిలుకు. వారిలో రెండు లక్షలమందికి పైగా ప్రభుత్వం ఇచ్చే మిగులు తిండి మీద బతుకుతున్నారు. నెలకొకసారి వరుసలో నిలబడి గోధుమపిండి, మొక్కజొన్నపిండి, బియ్యం, పాలపొడి సంచుల్లో పట్టుకుపోవడం. లోకంలోకెల్లా సంపన్నదేశంలో సంగతి ఇది!

ఈ మిగులు తిండికీ మనకూ దగ్గర చుట్టరికమే వుంది. వెస్ట్ వర్జీనియాలో ఓట్లు పడడానికి సరిగ్గా ఆరు రోజుల ముందు, 1960 మే 4న, వాషింగ్టన్‌లో మన ఆహారమంత్రి ఎస్.కె. పాటిల్, అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. నాలుగేళ్లలో కోటీ అరవై లక్షల టన్నుల గోధుమలు, పది లక్షల టన్నుల బియ్యం మన దేశానికి రావాలి. వాటి ధర మనం రూపాయలలో చెల్లించవచ్చు. పి.ఎల్. 480 గోధుమలంటే ఆ తరంవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. గోధుమలంటే జ్వరం తగ్గినవాడి పథ్యమనుకునే మన ఇళ్లలో కూడా రేషను డిపో పుణ్యమా అని అవి చాటలోకి వచ్చాయి. ఇక్కడ మన ఇల్లాళ్లు చెరిగిన గోధుమలూ, అక్కడ పని పోయిన గని కూలీ భార్య చేతికి అందిన పిండీ ఒకే పంట. అమెరికా రైతు అమ్ముకోలేక ప్రభుత్వానికి ఒప్పగించిన పంట.

ఆ పంటను ఆకలిగొన్నవాళ్లకు చేర్చాలని సెనేటులో ఏళ్లతరబడి గొంతు చించుకున్నవాడు హంఫ్రీ. 1954లో ఆ చట్టం రావడానికి పాటుపడ్డవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన తండ్రి దక్షిణ డకోటాలో మందులషాపు యజమాని. 1930 దశాబ్దపు ఆర్థికమాంద్యంలో చేతిలో డబ్బాడక, కొడుకును కాలేజీ మాన్పించి కొట్లో కూర్చోబెట్టాడు. అప్పు పెట్టిన రైతు ముఖం ఎలా వుంటుందో ఆ కొడుకు కౌంటరు వెనక నిలబడి నేర్చుకున్నాడు. కెన్నడీ చూసిన జీవితం వేరు. కోటీశ్వరుడి కొడుకు. ఒక గని కూలీ ఆయన్ని, 'నువ్వు జీవితంలో ఒక్కరోజైనా ఒళ్లొంచి పనిచేయలేదటగా, నిజమేనా?' అని అడిగాడనీ, అవునని ఒప్పుకోగా, 'పోనీలే, చేయనందువల్ల నీకు పోయిందేమీ లేదు' అన్నాడనీ చెప్పుకుంటారు. ఆ కూలీ సహృదయుడు. నాకంత ఔదార్యం లేదు.

ఏప్రిల్ 5న విస్కాన్సిన్‌లో మొదటి పట్టు. అక్కడే డబ్బు సంగతి బయటపడింది. కెన్నడీకి సొంత విమానం. కూతురి పేరే దానికి పెట్టుకున్నారు. హంఫ్రీకి ఒక అద్దె బస్సు. చలిలో, చీకట్లో బస్సులో పోతూ పైన విమానం మోత విని, 'కిందికి దిగి సరిగ్గా ఆడవోయ్, జాక్!' అని హంఫ్రీ కేకవేశాడని, ఆ ప్రచారం వెంట తిరిగిన థియోడర్ వైట్ రాశాడు. పెద్ద గొలుసుకట్టు దుకాణాలతో పోటీపడే చిల్లరకొట్టువాణ్ణి నేను అని కూడా హంఫ్రీ అన్నాడు. విస్కాన్సిన్‌లో ఓడిపోయాడు. అయినా మానుకోక వెస్ట్ వర్జీనియాకు నడిచాడు.

ఇక్కడ మతం అడ్డుపడింది. కెన్నడీ క్యాథలిక్. ఆ రాష్ట్రంలో నూటికి తొంభై అయిదుమంది ప్రొటెస్టంట్లు. క్యాథలిక్ అధ్యక్షుడైతే రోములోని పోపు మాటకు తలవంచుతాడని వాళ్ల భయం. 1928లో ఆల్ స్మిత్ అనే క్యాథలిక్ ఓడిపోయాడన్న సంగతి ఎవరూ మరచిపోలేదు. కెన్నడీ ఎంత గడుసువాడంటే, ఆ అడ్డంకినే ఆయుధంగా తిప్పేశాడు. 'నేను బాప్తిస్మం పుచ్చుకున్ననాడే అధ్యక్షపదవికి అనర్హుణ్ణయిపోయానా?' అన్న ధోరణిలో ఊరూరా అడిగాడు. అంతటితో ఆయనకు ఓటు వేస్తే విశాలహృదయం, వేయకపోతే మతద్వేషం అన్నట్టయింది. 1948లోనే పార్టీ మహాసభలో నీగ్రోల హక్కుల కోసం నిలబడి దక్షిణాదివాళ్ల కోపానికి గురైన హంఫ్రీ నెత్తిన మతద్వేషుల మద్దతు వచ్చి పడింది. ఆయన చేయని పాపమది. అక్కడి సెనేటర్ రాబర్ట్ బర్డ్ వంటి జాన్సన్ పక్షంవాళ్లు, కేవలం కెన్నడీని ఆపడానికి హంఫ్రీకి ఓటెయ్యమనడం ఆయన్ని ఇంకా చులకన చేసింది. ఇంత గొడవలో 'యంత్రం వచ్చాక మనిషికి పని ఏదీ?' అన్న ప్రశ్న ఎవరికి వినపడుతుంది?

పైగా రూజ్వెల్ట్ పేరు. మాంద్యం రోజులలో పని ఇచ్చి బతికించినవాడని గని కూలీల ఇళ్లలో ఆయన పటం గోడకు వేలాడుతూ వుండేది. ఆయన కొడుకు రూజ్వెల్ట్ జూనియర్‌ను కెన్నడీ తన వెంట తిప్పుకున్నాడు. ఆ కొడుకు, హంఫ్రీ యుద్ధంలో సైనికుడిగా పనిచేయలేదని కూడా ఎత్తిపొడిచాడు. వైద్యులే ఆయన్ని పనికిరాడని తిప్పిపంపారన్నది సభల్లో ఎవరు చెప్పబోయారు? తండ్రి పేరుతో వచ్చి ఈ పని చేయడం నాకు నేటికీ మింగుడుపడదు.

డబ్బు లెక్క వైట్ రాసినదే. హంఫ్రీ ఆ రాష్ట్రంలో పెట్టిన ఖర్చంతా కలిపి 25,000 డాలర్లు. కెన్నడీకి ఒక్క టెలివిజన్ ఖర్చే 34,000. కౌంటీ పెద్దలకు నోట్లు ముట్టాయన్న ఆరోపణ కూడా వచ్చింది. కోర్టులో ఋజువైనది కాదు గనుక దాని జోలికి పోను. ఋజువైన తేడా చాలదూ?

చివరి రోజులలో టెలివిజన్ మీద ఒక అరగంట కార్యక్రమానికి హంఫ్రీ అక్కడికక్కడ సొంత చెక్కు, 750 డాలర్లకు, రాసి ఇచ్చాడు. భార్య పక్కన నిలబడి దిగులుగా చూస్తున్నదట. కూతురి పెళ్లి దగ్గరలో వుంది. ఆడపిల్ల పెళ్లి పెట్టుకుని చేతిలో డబ్బు ఇంకోదానికి తీసిన ఇంటి యజమాని ముఖమూ, ఆ ఇల్లాలి ముఖమూ మన పాఠకులు ఊహించుకోగలరు. ఆ డబ్బుతో కొన్నది ప్రజలు ఫోనులో అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే కార్యక్రమం. ప్రశ్నలను ముందుగా వడపోసే మనిషైనా లేడు. ఎవరో బొంగురుగొంతుతో, మా రాష్ట్రం విడిచి పొమ్మని అరిచారు. అది దేశమంతా కాకపోయినా ఆ రాష్ట్రం విన్నది.

మే 10న ఓట్లు లెక్కపెడితే కెన్నడీకి నూటికి 61 వంతున, హంఫ్రీకి 39 వంతున వచ్చాయి. ఆ రాత్రే హంఫ్రీ పోటీ విరమించాడు. మూడో రోజున, మే 13న, ఇలాంటి దెబ్బతిన్న ప్రాంతాలకు పరిశ్రమలు తేవడానికి కాంగ్రెస్ పంపిన బిల్లును ఐసన్‌హోవర్ తిరస్కరించాడు. 1958లోనూ ఆయన అలాగే చేశాడు. ప్రచారకుల విమానాలు, బస్సులు అప్పటికే వెళ్లిపోయాయి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. కెన్నడీ ఆ లోయల్లో చూసినదాన్ని మరచిపోలేదు. 1961 జనవరి 21న, ప్రమాణస్వీకారం చేసిన మరునాడే, ఆయన జారీచేసిన మొట్టమొదటి ఉత్తర్వు పేదకుటుంబాలకిచ్చే తిండిని పెంచడం గురించినది. తరువాతిది విదేశాలకు ఆహారం పంపే పథకం గురించి. రెండూ హంఫ్రీ ఏళ్లతరబడి చెప్పిన మాటలేనని నేనంటే, పక్షపాతమంటారు, అనండి. ఐసన్‌హోవర్ తిరస్కరించిన ఆ బిల్లు వంటిదాని మీదా 1961 మే 1న కెన్నడీ సంతకం చేశాడు.

ఆ నెలాఖరున, మే 29న, వెస్ట్ వర్జీనియాలోని మెక్‌డోవెల్ కౌంటీ, వెల్చ్ పట్టణంలో కొత్త పథకం మొదలైంది. సంచీతో వరుసలో నిలబడే అవసరం లేకుండా, కూపన్లు ఇచ్చి కావలసిన సరుకు కొట్లో కొనుక్కోమన్నారు. మొదట పుచ్చుకున్నది పదిహేనుమంది తినే ఇంటివాడైన ఒక పని లేని గని కూలీ. 95 డాలర్ల కూపన్లు. అవి స్వయంగా అందించినవాడు వ్యవసాయమంత్రి ఆర్విల్ ఫ్రీమన్. ఆయనది మినెసోటా, విద్యార్థిదశనాటి నుంచీ హంఫ్రీకి స్నేహితుడు.