భర్తకు కూడా పరీక్ష చేయించారా?

పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండకపోతే మన ఇళ్లలో ఏం చేస్తారు? కోడల్ని బెజవాడ తీసుకొచ్చి లేడీ డాక్టరుకి చూపిస్తారు. స్కానింగులు ఆవిడకే, మందులు ఆవిడకే, ఉపవాసాలూ ఆవిడకే. కొడుకు మాటెత్తితే "మావాడికేం, దుక్కలా ఉన్నాడు" అంటారు.

దుక్కలా ఉండటానికీ, వీర్యకణాలు సరిగా ఉండటానికీ సంబంధం లేదు. సంసారసుఖంలో ఏ లోటూ లేని మగవాడి వీర్యంలో కూడా కణాలు తక్కువగా ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు. సంతానం కలగని జంటల్లో సుమారు సగం మందిలో భర్త లోపం కూడా ఉంటుంది. వీర్యపరీక్షకు నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. అందుకే భార్యతోపాటు భర్తకూ మొదట్లోనే చేయించాలి.

పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండాలి. వీర్యాన్ని లాబొరేటరీలోనే ఇవ్వడం మంచిది. ఇంటినుంచి తెస్తే గంటలోపు చేర్చాలి. అవనిగడ్డలో పట్టి బస్సులో విజయవాడ తెస్తే కదలిక తగ్గిపోయి, లేని లోపం కనిపిస్తుంది. మామూలు నిరోధ్‌లో పట్టి తెచ్చినదీ పనికిరాదు.

ఇక రిపోర్టులో అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కనీస హద్దులు ఇవి: వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, వాటిలో కదిలేవి 42 శాతం, సరైన ఆకారం కలవి 4 శాతం. ఏడాదిలోపు తండ్రులు కాగలిగిన మగవారిని పరిశీలించి, వారిలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత ఇది. కనుక గీతకు దిగువన ఉంటే గొడ్డుపోయినట్టు కాదు, ఎగువన ఉంటే పిల్లలు ఖాయమనీ కాదు. కణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. మొన్నటి టైఫాయిడ్ జ్వరం ఇవాళ్టి రిపోర్టును పాడుచేయవచ్చు. రిపోర్టు బాగాలేకపోతే రెండోసారి చేయించండి.

మరి పరీక్ష ఎందుకు? ఏ చికిత్స చేయాలో చెప్పడానికి. లోపం కొద్దిగా ఉంటే వీర్యాన్ని శుద్ధిచేసి గర్భాశయంలోకి ఎక్కిస్తారు. కణాలు మరీ తక్కువైతే ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క కణాన్ని సూదితో పంపే ఇక్సీ పద్ధతి ఉంది. దీనితో గర్భాలు నిలిచినట్టు 1992లో బ్రస్సెల్స్ డాక్టర్లు ప్రకటించారు. వీర్యంలో కణమే కనిపించనప్పుడు కూడా కొందరికి వృషణాల్లోంచి తీయగలరు.

ఇంత చేసినా ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది భార్య వయసు. 35 దాటాక అండాల సంఖ్యా, నాణ్యతా త్వరగా తగ్గుతాయి. భర్త మొహమాటంతో పోగొట్టిన మూడేళ్లు ఆవిడ వయసులోంచి పోయినవే. 2019లో గుంటూరులో డెబ్బై దాటినావిడ కవలల్ని కనలేదా అంటారేమో. అవి ఆవిడ అండాలు కావు, దాత ఇచ్చినవి. 2021 చట్టం ప్రకారం ఇప్పుడు 50 దాటిన స్త్రీకి, 55 దాటిన పురుషుడికి ఇలాంటి చికిత్స చేయకూడదు. ఆసుపత్రికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి.

పొగాకు, అతిగా తాగుడు మానండి. కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకోకండి. అవి కణాల ఉత్పత్తిని ఆపేస్తాయి. ఏడాది చూసినా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపకండి.