ఏ గీత చూపాలి, ఏది దాచాలి?

పెట్టె బొమ్మ గీయమంటే పిల్లలు కూడా వెనకవైపు అంచులు వదిలేస్తారు. కంప్యూటర్‌కు ఆ సంగతి నేర్పడానికి మాత్రం పెద్ద పరిశోధనే జరిగింది. 1963లో ఎంఐటీ విద్యార్థి ఇవాన్ సదర్లాండ్ టీఎక్స్-2 అనే భారీ యంత్రం తెరమీద లైట్‌పెన్నుతో గీతలు గీసే స్కెచ్‌ప్యాడ్‌ను తయారుచేశారు. నేటి క్యాడ్ సాఫ్ట్‌వేర్లకు మూలం అదే. తిమోతీ జాన్సన్ దాన్ని త్రీడీకి పెంచి, తెరను నాలుగు గళ్లు చేసి, టాప్, ఫ్రంట్, సైడ్ వ్యూలతోపాటు పర్‌స్పెక్టివ్‌నూ ఒకేసారి చూపించారు. అయితే ముందు గీతలూ వెనక గీతలూ అందులో కలగలిసి ఉండేవి. చాటున పడ్డవాటిని లెక్కకట్టి తీసేసే పద్ధతిని ఆ ఏడాదే లారెన్స్ రాబర్ట్స్ తన సిద్ధాంత వ్యాసంలో చూపారు. తర్వాత ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్ నిర్మాణాన్ని నడిపించిందీ ఆయనే.

ఏ గీత చాటున ఉందో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ రెప్పపాటులో తేల్చేస్తుంది. ఏ గీత చూపాలో మాత్రం ఇంకా మనిషే చెప్పాలి.

ఆ సంగతి ఒక ల్యాప్‌టాప్ మూతతో చూద్దాం. అమెరికాలో ఉత్తర కరొలైనాలోని మోరిస్‌విల్ తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఊరు. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కును ఆనుకుని ఉన్న ఈ ఊళ్లోనే కంప్యూటర్ల కంపెనీ లెనోవో అమెరికా ప్రధాన కార్యాలయం ఉంది. 2005లో ఐబీఎం నుంచి పీసీ వ్యాపారాన్ని కొన్నప్పుడు థింక్‌ప్యాడ్ పేరూ దానికి దక్కింది. 2015లో లెనోవో తెచ్చిన పీ50, పీ70 ల్యాప్‌టాప్‌లు ముఖ్యంగా క్యాడ్‌లాంటి బరువైన పనులు చేసేవారి కోసం తయారైనవే.

అలాంటి ల్యాప్‌టాప్‌ను బోర్లించి అడుగు మూత చూడండి. అచ్చుపోసిన ప్లాస్టిక్ మూత అనుకుందాం. లోపల మరలు పట్టే బాస్‌లు, బలానికి రిబ్‌లు, గాలి ఆడే సందులు, ప్రతి మూలనా ఫిల్లెట్ అనే గుండ్రటి మలుపు ఉంటాయి. ఫిల్లెట్ సమతలంలో కలిసేచోట వేలితో తడిమితే ఏ అంచూ తగలదు. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అక్కడ ఒక తలం ముగిసి ఇంకోటి మొదలవుతుంది కాబట్టి అది గీత గీస్తుంది. దీన్నే టాంజెంట్ ఎడ్జ్ అంటారు. ఒక చిన్న రిబ్ మొదట్లో అటూ ఇటూ ఫిల్లెట్ ఉంటే చాలు, నాలుగు గీతలు పక్కపక్కనే పడతాయి. మూతనిండా అలాంటి రిబ్‌లుంటే షీటుమీద నల్లటి అలుకుడు తప్ప ఏమీ కనిపించదు.

అందుకే సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో మూడు దారులు పెట్టారు: ఆ గీతలను మామూలుగా చూపడం, వేరే రకం గీతతో చూపడం, పూర్తిగా తీసేయడం. క్రియో అనే మరో సాఫ్ట్‌వేర్‌లో వాటిని మసకగానూ ఉంచవచ్చు. అన్నీ తీసేయడమే మేలనుకుంటే అదీ పొరపాటే. అంచులన్నీ పెద్ద వంపులతో ఉన్న మూతకు టాంజెంట్ ఎడ్జ్‌లు తీసేస్తే బయటి రేఖ ఒక్కటే మిగులుతుంది, సమతలం ఎక్కడ ఆగిందో తెలియదు. ఒకే షీటులో ఒక వ్యూకు వాటిని ఉంచి, పక్క వ్యూకు తీసేయడం మంచి డ్రాఫ్ట్స్‌మన్ చేసే పని.

ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో టెక్‌డ్రా విభాగం ఇంకో వింత గీతను బయటపెడుతుంది. దాని పేరు సీమ్. కాగితాన్ని గొట్టంగా చుట్టి అతికిస్తే అతుకు కనబడినట్టే, గణితంలో స్తంభాకార తలం మొదలూ చివరా కలిసేచోట ఒక గీత ఉంటుంది. లేత్‌మీద తిప్పిన షాఫ్టుకు అది ఎక్కడా ఉండదు. డ్రాయింగులో వదిలేస్తే చదివేవాడు దాన్ని గాడి అనుకునే ప్రమాదం ఉంది.

ఇక గీత మందం సంగతి. రాట్రింగ్ డ్రాయింగ్ పెన్నులతో పనిచేసినవారికి 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటర్ల సైజులు కంఠతా వచ్చు. ఒక్కొక్కటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఏ4 కాగితాన్ని ఏ3కి పెంచితే పొడవు పెరిగేదీ అంతే, కాబట్టి పెంచిన డ్రాయింగులో గీత సరిగ్గా తర్వాతి సైజు పెన్నుకు సరిపోతుంది. ఎంత ముందుచూపో! 1982 డిసెంబరులో ఆటోక్యాడ్ వచ్చాక కంప్యూటర్ చెప్పినట్టు పెన్నుతో గీసే ప్లాటర్లు మామూలయ్యాయి. హెచ్‌పీ 7475ఏ ప్లాటర్‌లో ఆరు పెన్నులుండేవి. తెరమీద ఎరుపు అంటే ఒకటో నంబరు, పసుపు అంటే రెండో నంబరు. ఆ రంగును బట్టే ప్లాటర్ పెన్ను మార్చుకునేది. పెన్ను ప్లాటర్లు పోయినా, రంగును బట్టి మందం తేల్చే ఆ అలవాటు ఆటోక్యాడ్ ప్లాట్ స్టైల్ ఫైళ్లలో నేటికీ నడుస్తోంది.

మన కాలేజీల నుంచి మోరిస్‌విల్‌లాంటి ఊళ్లకు వెళ్లిన మెకానికల్ ఇంజనీరు తప్పక చూసుకోవలసిన సెట్టింగు ఇంకొకటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఎస్‌పీ 46 ప్రకారం మనది ఫస్ట్ యాంగిల్: టాప్ వ్యూ కింద, కుడివైపు నుంచి చూసింది ఎడమన వస్తాయి. అమెరికాలో థర్డ్ యాంగిల్: టాప్ వ్యూ పైన, కుడివైపుది కుడినే. క్రియోలో ఈ తేడా అంతా ప్రొజెక్షన్ టైప్ అనే ఒక్క ఆప్షన్‌లో ఉంటుంది. టైటిల్ బ్లాకులో ఉన్న తెగిన శంకువు గుర్తును చూడకుండా చదివితే, ఎడమన వేయాల్సిన రంధ్రం కుడిన పడుతుంది. ఆ ముక్క తుక్కు కిందే లెక్క.

త్రీడీ నమూనాపైనే కొలతలు రాసే పద్ధతికి అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం 2003లోనే ప్రమాణం తెచ్చింది. అయినా షాపుల్లో లేత్ పక్కన కాగితం ఇంకా వేలాడుతూనే ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో మొదలైన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ క్యాడ్‌తోపాటు వర్క్‌షాపు పనినీ నేర్పుతుంది. ఆ రెండూ ఎరిగినవాడికే ఏ గీత అడ్డమో తెలుస్తుంది. మన ఇంజనీరింగ్ ల్యాబుల్లో త్రీడీ నమూనా చేయడానికి ఇచ్చే సమయంలో సగమైనా వ్యూలను తీర్చిదిద్దడానికి ఇవ్వాలి.

విద్యార్థులు కాలేజీ ఇచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఫ్రీక్యాడ్ 1.0 2024 నవంబరులో వచ్చింది, పైసా ఖర్చు లేదు. ఒక రిబ్, రెండు ఫిల్లెట్లు ఉన్న ముక్క చేసి, టెక్‌డ్రాలో వ్యూ పెట్టి, స్మూత్ (అంటే టాంజెంట్ ఎడ్జ్), సీమ్, హిడెన్ గీతలను ఒక్కొక్కటే తీసి చూడండి. ఆ ప్రింట్లను దగ్గర్లోని లేత్ షాపులో చూపించి, ఏది చదవడానికి వీలుగా ఉందో మేస్త్రీనే అడగండి.