సట్టన్ హూ బంగారు బకిలు

బంగారు వస్తువును చూచినంతనే "ఇది యెన్ని తులములు తూగును?" అని యడుగుట లోకరీతి. ప్రాచీన వస్తువుల విషయమున ఈ యొక్క ప్రశ్న చాలదు. దానిని ఎట్లు చేసిరి? అది ఎచ్చట దొరకినది? దాని చెంత మరేమేమి యుండెను? ఈ ప్రశ్నలకు సమాధానము లభించినపుడే దాని నిజమైన విలువ తెలియును. ఇంగ్లండు దేశమున సట్టన్ హూ అను చోట దొరకిన బంగారు బకిలు చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

నడుమునకు కట్టుకొను తోలుపట్టీ కొనలను కలిపి బిగించు సాధనమే బకిలు. పూర్వకాలమున ఆ దేశమందు సామాన్యులు ఇనుముతోను, కంచుతోను చేసిన బకిళ్లను ధరించెడివారు. సట్టన్ హూ బకిలు మాత్రము బంగారుది. దాని పొడవు 13.2 సెంటీమీటర్లు, తూకము 412.7 గ్రాములు, అనగా 35 తులములకు పైమాట. దానిని చేసి సుమారు 1,400 సంవత్సరములైనది.

దాని పనితనము తూకముకంటె గొప్పది. ముందువైపున పాములు, పక్షుల తలలు, నాలుగు కాళ్ల మృగములు ఒకదానినొకటి పెనవేసికొని యున్నవి. తొలిచూపునకు అది చిక్కుపడిన త్రాళ్ల ముడివలె తోచును. ఓపికతో ఒక్కొక్క రేఖను అనుసరించి చూచినచో, ఇది మెడ, ఇది కన్ను, ఇది దవడ అని క్రమముగా తేటపడును. ఇట్లు లెక్కింపగా మొత్తము 13 ప్రాణులు కలవు. బకిలు కొనయందు రెండు మృగములు ఒక చిన్న జంతువును నోట కరచి పట్టుకొని యున్నవి. ప్రాణుల మేనులపై సన్నని గుర్తులు చెక్కి, వానిలో నల్లని పదార్థమును నింపిరి. లోహమును గంధకముతో కలిపి కరగించి చేయు ఆ పదార్థమునకు నియెల్లో అని పేరు. పచ్చని బంగారముపై ఆ నలుపు పడుటచే ప్రతి రేఖయు స్పష్టముగా కనబడును. ఇంత చిక్కని అల్లిక నడుమ మూడు గుండ్రని బుడిపెలను మాత్రము నున్నగా విడిచిరి. అవి చూపరి కంటికి విశ్రాంతి నొసగును.

బకిలు గట్టి ముద్ద కాదు; లోపల బోలుగా నుండు చిన్న పెట్టె. వెనుకనున్న రేకు మడతబందుపై తలుపువలె తెరచుకొనును. దానిని మూసి బిగించుటకు జరుపుడు గడియలు మూడు కలవు. అందు ఏదైన పవిత్ర వస్తువును దాచెడివారేమో యని కొందరు పండితులు ఊహించిరి.

ఇట్టి వస్తువు వెలుగులోనికి వచ్చిన విధము తెలిసికొనదగినది. సఫోక్ మండలమున డెబెన్ నది గట్టుపై కొన్ని పాత మట్టిదిబ్బలు కలవు. ఆ భూమికి యజమానురాలు ఎడిత్ ప్రెట్టీ అను వితంతువు. దిబ్బలలో నేమున్నదో తెలిసికొన గోరి, ఆమె 1938లో బేసిల్ బ్రౌన్ అను నతనిని నియమించెను. అతడు చిన్ననాటనే బడి మానినవాడు. స్వయంకృషిచే పురావస్తు విద్య నేర్చినవాడు. 1939 వేసవిలో అతడు పెద్దదిబ్బను త్రవ్వుచుండగా ఇనుప మేకులు వరుసగా బయటపడెను. వానిని పెకలించి యుండినచో అంతటితో కథ ముగిసెడిది. బ్రౌన్ అట్లు చేయక, మేకులను ఉన్నచోటనే యుంచి, చుట్టునున్న ఇసుకను మెల్లమెల్లగా తొలగించెను. కొయ్య యెన్నడో క్రుళ్లిపోయెను. కాని దాని అచ్చు ఇసుకలో నిలిచియుండెను. చివరకు సుమారు 27 మీటర్ల పొడవు గల ఓడ రూపము కన్నుల యెదుట నిలిచినది!

ఓడ నడుమ ఒక సమాధిగది యుండెను. జూలై మాసమున కేంబ్రిడ్జి పండితుడు చార్లెస్ ఫిలిప్స్ తన బృందముతో వచ్చి పని చేపట్టెను. శిరస్త్రాణము, ఖడ్గము, డాలు, వెండి పాత్రలు, బంగారు నాణెములు, వానితోపాటు ఈ బకిలు అచ్చట లభించెను. పూర్వము దొంగలు కూడ ఆ దిబ్బను త్రవ్విరి. కాని దిబ్బ ఒక ప్రక్క తరిగి యుండుటచే వారు నడిమిచోటును గుర్తింపలేక, గదిని తాకకయే మరలిపోయిరి. వారి చేత చిక్కినచో బకిలు కరగి బంగారు ముద్దయై యుండెడిది.

బకిలుపై చేసినవాని పేరు లేదు. ధరించినవాని పేరు లేదు. ఆమ్లగుణము గల మట్టిలో మృతదేహమును నశించెను. మరి కాలనిర్ణయము ఎట్లు చేసిరి? సమాధిలోని సంచిలో 37 బంగారు నాణెములుండెను. అవి నేటి ఫ్రాన్సు ప్రాంతమున వేర్వేరు టంకసాలలలో ముద్రింపబడినవి. వానినిబట్టి సమాధి 7వ శతాబ్ది తొలి భాగమునకు చెందినదని తేలెను. 624 ప్రాంతమున మరణించిన తూర్పు ఆంగ్లియా రాజు రెడ్వాల్డుదే ఈ సమాధి యని పెక్కురి అభిప్రాయము. నాణెములొక చోటికి, బకిలు వేరొక చోటికి పోయియుండినచో ఈ సంగతి ఎవ్వరును చెప్పలేకపోయెడివారు.

అటుపై ఈ నిధి యెవరిదను ప్రశ్న పుట్టెను. మరల తీసికొను తలంపుతో దాచిన బంగారము ప్రభుత్వమునకు చెందవలెనని ఆనాటి చట్టము. మృతునితో శాశ్వతముగా పాతిపెట్టిన సొమ్ము అట్టిది కాదు. కావున 1939 ఆగస్టు 14న విచారణ జరిపిన జ్యూరీవారు నిధి యంతయు ప్రెట్టీదే యని నిర్ణయించిరి. ఆమె కోరినచో దానిని అమ్ముకొని యుండవచ్చును. అపుడు వస్తువులు తలయొక దిక్కునకు చెదరిపోయెడివి. ఆమె కొన్ని దినములలోనే నిధినంతటిని బ్రిటిషు మ్యూజియమునకు ఉచితముగా నిచ్చివేసెను. ప్రభుత్వము ఇవ్వజూపిన గౌరవమును సైతము స్వీకరింపలేదు.

సెప్టెంబరు 3న యుద్ధము ప్రకటింపబడెను. బాంబుల భయమున నిధిని లండనులోని ఒక భూగర్భ రైలు సొరంగమున దాచిరి. యుద్ధము ముగియకముందే, 1942లో ఎడిత్ ప్రెట్టీ మరణించెను. నేడు ఆ బకిలు మ్యూజియమున తన తోడి వస్తువుల నడుమనే యున్నది.

అజ్ఞాత శిల్పి నేర్పు, మేకును కదల్పని త్రవ్వరి ఓర్పు, ఇల్లాలి త్యాగము - ఈ మూడును కలిసి ఆ బకిలును మనకు దక్కించినవి. త్రాసు 412.7 గ్రాములను మాత్రమే చూపగలదు. ఈ మూడింటిని తూచుట దానికి సాధ్యము కాదు.