పాత జీపు కొనుట, బాగుచేయించుట

మోటారుబండి కొనుట పురుషుల పనియనియు, దానికి వలయు సొమ్ము సమకూర్చుట మాత్రము స్త్రీల వంతనియు మన యిండ్లలో నొక యలవాటు పాతుకొనియున్నది. బండి వాకిట నిలుచునప్పటికి చేతి గాజులు కుదువకు పోయియుండును. గాజులనిచ్చిన యిల్లాలికి బండి రంగు తప్ప మఱేమియు తెలిసియుండదు. క్రొత్తబండి యైనచో కొంత నయము. పాతబండి, అందును కొండదారులకై కొను పాత జీపు, కొనువారి యెఱుకనుబట్టియే లాభమో నష్టమో యగును. కావున సోదరీమణులు ఈ నాలుగు మాటలు శ్రద్ధతో చదువ ప్రార్థన.

మా కొత్తవలసకు జీపు వింత కాదు. కిరండూలునకు పోవు రైలుమార్గ మిచ్చటనే చీలును. శృంగవరపుకోట మీదుగ అనంతగిరికిని, అరకునకును పోవు బాటయు మాయూరి మీదుగనే సాగును. ఆ తారురోడ్డు దిగి జీడితోటలకో, కొండవాలు పల్లెలకో పోవలెనన్న నడుమ గెడ్డలు, రాళ్లు, వానకాలమున మోకాలిలోతు బురద. అచ్చట సామాన్యమగు కారు నడువదు.

ఈ బండి పుట్టినది యుద్ధమునకై. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను చేసినవి. 1940ల చివర మహీంద్రావారు బొంబాయిలో విల్లీసు జీపులను కూర్పనారంభించి, పిమ్మట తామే తయారుచేయసాగిరి. నేడు పాతబండ్ల బేరములో దొరకునవి 1980ల నడుమనుండి వచ్చిన ఎంఎం 540 మొదలగు డీజిలు జీపులు, 2010లో వెలువడిన మొదటి థారు, 1985లో మారుతీవారు తెచ్చిన పెట్రోలు బండి జిప్సీ. జిప్సీ తేలికగ కొండ యెక్కును గాని, బస్తాలు మోయుటకు జీపే మేలని నా యభిప్రాయము.

సామాన్యపు బండిలో ఇంజను బలము రెండు చక్రములకే పోవును. ఆ రెండును బురదలో జాఱినచో తక్కిన రెండును చూచుచు నిలుచును. జీపులో గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫరు కేసను పెట్టె యొకటి యుండి, చిన్న పిడిని లాగినంతనే ముందుచక్రములకును బలము పంచిపెట్టును. ఆ పిడికే మఱియొక స్థానము కలదు, అందుంచిన వేగము తగ్గి లాగుడు హెచ్చును. కర్ణుని రథమునకు ఇట్టి పిడి యుండిన భారతకథ యెట్లు నడచెడిదో యని మావారు పరిహాసమాడుచుందురు. అయితే చూచుటకు జీపువలె నున్న ప్రతిబండికిని ఈ యేర్పాటుండదు. రెండు చక్రముల బలముతోనే చేసిన జీపులు చాల కలవు. ఉన్నవానిలోను ముందరి షాఫ్టు విప్పివేసినవి కలవు. వంగి బండిక్రింద చూచిన తెలియును. పరీక్షింపవలసినది వదులు మట్టిలో గాని తారురోడ్డుమీద కాదు. గట్టినేలపై నాలుగు చక్రములను కలిపి మలుపు త్రిప్పిన లోపలి పండ్లచక్రములు బిగిసి చెడును.

మా అన్నగారికి శృంగవరపుకోటకు ఎగువను జీడితోట కలదు. పంటనాళ్లలో కూలివారిని, పిక్కల బస్తాలను గెడ్డ దాటించుటకు ఏటేట బాడుగ బండికి పెట్టినది పెట్టుబడిలో పెద్దభాగమగుచుండెను. తుదకు వదినగారి బంగారముపై మూడు లక్షలు తెచ్చి జీపు కొనుటకు నిశ్చయించిరి. "గాజులు నావి గనుక బండిని నేనును చూతును" అని వదినగారు పట్టుపట్టి, నన్నును వెంట దీసికొనిపోయిరి.

మొదట చూచిన జీపు చిలుకపచ్చ రంగుతో, పెద్ద టైర్లతో కన్నులు చెదరునట్లుండెను. వదినగారు పిల్లల అయస్కాంతము నొకదానిని పలుచని గుడ్డలో చుట్టి తెచ్చియుండిరి. దానిని తలుపు అడుగుభాగమున నానించగా నిలువక జాఱిపడెను. అచ్చట ఇనుము లేదు, తుప్పు తినివేసిన చోట పుట్టీ మెత్తి రంగు వేసియుండిరి. క్రింద ఛాసిసుకు క్రొత్తగ నల్లరంగు పూసియుండుటయు అనుమానము గలిగించెను. రేకు తుప్పుపట్టిన అతుకవచ్చును. బండి యంతయు మోయు ఛాసిసు తుప్పుపట్టిన దానిని వదలుటే మంచిది. చిన్నసుత్తితో తట్టిన గట్టి ఇనుము ఖంగున మ్రోగును, క్షీణించినది బొద్దుగ పలుకును.

ఇంజనును చల్లగ నున్నప్పుడే చూడవలెను. మనము పోవునప్పటికే బానెట్టు వెచ్చగనున్నచో, చలిలో పలుకని దోషమేదో దాచుటకు ముందే నడిపి యుంచిరని శంకింపవచ్చును. నీలిపొగ యన్న నూనె మండుచున్నదని యర్థము. నడుచుచుండగ నూనె పోయు మూత తీసినచో ఆవిరివలె పొగ బలముగ వెలికి తన్నిన, దానిని మేస్త్రీలు బ్యాక్ కంప్రెషనందురు; లైనర్లు, రింగులు అరిగినవన్నమాట. ఆ నూనెలో మీగడవంటి తెల్లని నురుగున్న నీరు కలియుచున్నదని తెలిసికొనవలెను.

రెండవ బండి ఒక యిల్లాలిది. రంగు వెలిసియుండెను గాని ఛాసిసు గట్టిది. ఆమె భర్త మరణించి అప్పటికి రెండుమాసములు కాలేదు; ఆర్.సి. ఆయన పేరనే యున్నది. నడుమనున్న దళారి, ఆయన బ్రతికియుండగా సంతకము చేసి యుంచిన ఫారములు కలవనియు, వానితోనే పని జరిగిపోవుననియు చెప్పెను. చనిపోయినవాని సంతకముతో బండి కొనుటకు వదినగారు ఒప్పుకొనలేదు. వారసురాలు మూడు నెలలలో ఫారము 31 పెట్టి బండిని తనపేరికి మార్పించుకొనవచ్చును. ఆ పిమ్మట ఫారములు 29, 30లతో మనకు బదిలీ చేయవలెను. ఇతర రాష్ట్రపు బండియైన ఫారము 28తో అభ్యంతరము లేదను పత్రము కావలెను. ఇందులకు కొంతకాలము పట్టినను మే మాగితిమి. ఆలస్యమువలన ఆ యిల్లాలికిని మేలే కలిగెను. ఏలయన, 2018లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రకారము రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే ప్రమాదమునకు బాధ్యులు. బండి నమ్మి పేరు మార్పింపనివారు పరుల తప్పునకు పరిహారము చెల్లింపవలసివచ్చును.

ఆర్.సి.లోని ఛాసిసు నంబరును బండిమీది నంబరుతో అక్షరమక్షరము సరిచూచుకొనవలెను. పదునైదేండ్లు దాటిన స్వంతబండికి తనిఖీ జరిగి, అయిదేండ్ల కొకసారి రిజిస్ట్రేషను పొడిగింపబడును. ఆ గడువెప్పటివఱకున్నదో చూడక బేరమాడరాదు.

బండి 2,10,000 రూపాయలకు తెగెను. అన్నగారు మూడు లక్షలకు తగిన బండినే కొందమనిరి గాని, తొంబదివేలు బాగుచేతకు మిగుల్చుకొననిదే సంతకము చేయనని వదినగారనిరి. బ్రేకులకు, స్టీరింగునకు 17,000, అయిదు టైర్లకు 32,000, కమాను కట్టలకు 8,000, రేడియేటరునకు 6,000, కరెంటు తీగెలకు 7,000 అయినవి. ఈ వరుసలో మొదటిది మొదటనే చేయించవలెను. నిలువని బండికి పరుగెందులకు? ఇంజనును విప్పనక్కఱ లేకపోయెను. షెడ్డు మేస్త్రీ రంగు వేయింతమని ఎంతయో చెప్పెను గాని, మిగిలిన యిరువదివేలను వదినగారు బంగారపు బాకీకి కట్టివేసిరి. వేఱు ఇంజను పెట్టించుట, ఆకారము మార్చుట వంటివి రవాణా శాఖవారి అనుమతి లేక చేయరాదు. అట్లు చేసిన బీమా సొమ్మునకును చిక్కు రావచ్చును.

గెడ్డలో దిగు బండికి మఱియొక జాగ్రత్త కావలెను. ఇరుసు పెట్టెలోనికి నీరు చొచ్చినచో లోపలి నూనె పాలవలె తెల్లబడును. వానకాలమున అపుడపుడు బిరడా విప్పి చూచి, తెల్లబడిన మార్చివేయవలెను. తడిసిన బ్రేకులును వెంటనే పట్టవు. ఒడ్డెక్కిన పిదప పెడలును మెల్లగ నొక్కుచు కొంతదూరము నడిపిన, ఆ వేడికి ఆఱును. మా వదినగారు గత వేసవిలో లైసెన్సు పొందినది మొదలు ఈ పని తామే చేయుచున్నారు.